నీళ్ల ట్యాంకును చుట్టొచ్చిన విమానం

ఆ రోజుల్లో నాకు తోడెవరూ లేరన్న సంగతి నేను పొరపాటున కూడా ఒప్పుకునేవాణ్ణి కాదు. "వీకెండ్ ఏం చేస్తుంటావు బాబూ?" అని ఎవరైనా అడిగితే "విమానం నడుపుతానండీ" అనేవాణ్ణి. ఆ జవాబు విన్నాక రెండో ప్రశ్న ఎవరికీ తోచేది కాదు. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్లో యూనివర్సిటీలో ఉద్యోగం, ఒక్క గది ఇల్లు, ఆదివారం కాచుకుంటే వారమంతా వచ్చే సాంబారు (గురువారానికి దానికి ఒక సొంత వ్యక్తిత్వం వచ్చేది) – ఇదీ నా సంసారం. అందుకే ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, రెండు సీట్ల చిన్న విమానం నడపడం నేర్చుకున్నాను. పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి దానితో హాయిగా తెలుగులో మాట్లాడుకునేవాణ్ణి. అది ఎదురు చెప్పేది కాదు.

క్లబ్బులో ఏటా విమానాల పందేలు జరిగేవి. పొలాల్లో గాలి నింపి నిలబెట్టిన పొడుగాటి నారింజరంగు స్తంభాలుంటాయి. ఒక్కొక్కరే బయల్దేరి, వాటన్నిటినీ చుట్టి, ఎవరు తక్కువ సమయంలో తిరిగొస్తే వాళ్లదే గెలుపు. ఆ సీజన్ మొదటి పందెంలో నా పేరు కూడా ఉందనేసరికి నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఊళ్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందర్నీ పిలిచాను. బొటనవేళ్లు వానలా కురిశాయి. తీరా ఆ రోజు ఎవరింట్లోనో గృహప్రవేశం. వేళ్లన్నీ అటే వెళ్లాయి.

వచ్చింది డాక్టర్ అంకుల్, ఆంటీ మాత్రమే. గుంటూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఏనాడో స్థిరపడ్డవాళ్లు. "గృహప్రవేశానికి లేట్‌గా వస్తామని చెప్పి ఇటొచ్చాం నాన్నా. ఎంతసేపు ఉంటుందేంటి?" అంది ఆంటీ.

"పది నిమిషాలు కూడా పట్టదు ఆంటీ."

"ఓస్, దీనికా ఇంత హడావిడి! మా కుక్కర్ అంతకంటే ఎక్కువసేపు కూస్తుంది."

గాల్లోకి లేచాక మొదటి రెండు స్తంభాలనూ బాగానే చుట్టాను. మూడోదాని వైపు తిరిగేసరికి సాయంత్రపు ఎండ సూటిగా కళ్లలో పడింది. ఎదురుగా పొడుగ్గా, ఎర్రగా ఏదో కనిపించింది. అదేననుకుని రెక్క వాల్చి చుట్టేశాను. కింద ఆవులు చెల్లాచెదురయ్యాయి. ఒక ఇంటి వరండాలో ఎవరో తువ్వాలు ఊపుతున్నారు. ఆహా, ప్రేక్షకులు కూడా ఉన్నారే అనుకున్నాను. గడియారం చూస్తే ప్రాక్టీసులో ఎన్నడూ రానంత తక్కువ సమయం! "కొట్టేశాం రోయ్!" అని ఖాళీ సీటు మీద ఒక్కటి చరిచి, పాట అందుకుని మరీ దిగాను (నా గొంతు విషయంలో కూడా ఆ సీటు ఏనాడూ ఫిర్యాదు చేయలేదు).

దిగితే ఒక్క చప్పట్టూ లేదు. నాకు విమానం నేర్పిన ముసలాయన నెమ్మదిగా నడిచొచ్చాడు. ఆయన్ని నేను మనసులో గొణుగుడు తాత అనేవాణ్ణి. "బాగా ఎగిరావ్, మేట్. కానీ నువ్వు చుట్టింది పక్క ఫామ్‌వాళ్ల నీళ్ల ట్యాంకు. తుప్పు పట్టింది పాపం. అది మన పందెంలో లేదు," అన్నాడు.

ఆంటీ మాత్రం ఎదురొచ్చి, "అందరికంటే తొందరగా వచ్చావుగా నాన్నా! ఫస్టేగా?" అంది.

"డిస్‌క్వాలిఫై చేశారే," అన్నాడు అంకుల్ మెల్లగా.

"అంటే సెకండా?"

వాళ్లు గృహప్రవేశానికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. "ఎలా జరిగింది?" అని అక్కడ అందరూ అడుగుతారని పని ఉందన్నాను. క్లబ్బువాళ్లు బార్బెక్యూ పొయ్యి దగ్గర చేరి నవ్వుకుంటున్నారు. నా గురించేనేమోనని అటూ వెళ్లలేకపోయాను. విమానాన్ని షెడ్డులోకి తోయడానికి ఇద్దరు కావాలి. ఒక్కణ్ణే భుజం ఆనించి తోస్తుంటే చక్రం కదలదు, నా కళ్లలో నీళ్లు ఆగవు.

అప్పుడే ఒక పాత యూట్ ట్రక్కు వచ్చి ఆగింది. నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ దిగి, "మా ట్యాంకు చుట్టూ తిరిగింది నువ్వేనా, లవ్?" అంది. ఆవుల సంగతి అడుగుతుందని తల దించుకున్నాను. "నేనక్కడ ఒక్కదాన్నే ఉంటాను. ప్రతి ఏడూ విమానాలు దూరంగానే వెళ్లిపోతాయి. నువ్వొక్కడివే మా ఇంటి మీదికి వచ్చావు. నాకోసమేనా?"

ఒక క్షణం ఆలోచించి, "అవునండీ" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. మరేమీ అడక్కుండా రెండోవైపు రెక్క కింద భుజం పెట్టింది. ఇద్దరం కలిసి తోస్తే విమానం బుద్ధిగా లోపలికి వెళ్లింది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కాన్‌బెర్రాలో, హారిసన్ అనే పేటలో ఉంటున్నాను. ఇంకా పందేల్లో ఎగురుతూనే ఉన్నాను. ఈ ఏడాది మొదటి పందెంలోనూ బాగా వెనకబడ్డాను. స్తంభాలన్నీ సరిగ్గానే చుట్టాను, ఎవరూ నవ్వలేదు, ఎవరూ తువ్వాలూ ఊపలేదు. ఇంటికి కారులో వస్తుంటే మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండానే "డిడ్ యూ విన్, నాన్నా?" అంది. లేదన్నాను. అంటూనే, తుప్పు ట్యాంకును చుట్టి జగజ్జేతలా పాడుకుంటూ దిగిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వాగలేదు. ఇప్పుడు ఏది ట్యాంకో, ఏది స్తంభమో ఎంత ఎండలోనైనా చెప్పగలను. అంత సంతోషంగా దిగడం మాత్రం మళ్లీ చేతకాలేదు.