ఆపే స్విచ్చి లేని యంత్రం

ఆ వీధిలో ఎవరి మోటారు కాలిపోయినా మేస్త్రి దుకాణానికే వచ్చేది. నల్లబడ్డ పాత తీగ ఊడబీకి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టి ఇచ్చేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆయన బుర్రలో ఉంది. ఎవరో మోటారుతో డైనమోను తిప్పి, ఆ డైనమో ఇచ్చే కరెంటుతో మళ్లీ అదే మోటారును తిప్పడం ఫోన్‌లో చూశాడు. నూనె పోయక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, ఒకసారి తిప్పి వదిలితే తిరుగుతూనే ఉంటుందట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, మేస్త్రి ఆ సాయంత్రమే ఇంటి వెనక గదిలో బల్ల వేసేశాడు.

యంత్రం తిరిగింది. కాసేపటికి ఆగింది. బేరింగుల తప్పన్నాడు, మార్చాడు. బెల్టు తప్పన్నాడు, అదీ మార్చాడు. రాపిడికీ వేడికీ కొంత పోతుందని, డైనమో ఇచ్చేది మోటారు తినేదానికన్నా ఎప్పుడూ తక్కువేనని, ఇన్నేళ్లు మోటార్లు చుట్టిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసీ ఒప్పుకోబుద్ధి కాలేదు. చివరికి ఒక లారీ బ్యాటరీ, ఇన్వర్టరు తెచ్చి బల్ల కింద చెక్కపెట్టెలో పెట్టాడు. స్టార్ట్ చేయడానికేనని తనకు తాను చెప్పుకున్నాడు. భార్య పెరట్లో బట్టలుతికే వేళ చూసి ఇంటి కరెంటుతోనే దానికి చార్జింగ్ పెట్టేవాడు. ఆగని యంత్రానికి ఆపే స్విచ్చి దేనికని, అది మాత్రం పెట్టలేదు.

ఆయన బావమరిది లైన్‌మన్. తల్లి పోయిన పసివాణ్ని అక్కాబావలే తెచ్చి పెంచారు. పిల్లలు లేని ఆ ఇంట్లో కొడుకన్నా వాడే, తమ్ముడన్నా వాడే. అన్నానికి కూర్చున్నప్పుడల్లా బావను ఏడిపించేవాడు.

"ఎవడి భుజాల మీద వాడెక్కి కూచోగలడా బావా?"

"నవ్విన నాప చేనే పండుతుందిరా," అనేవాడు మేస్త్రి. నవ్వేవాడు గాని, కళ్లు చెక్కపెట్టె వైపు పోయేవి.

ఒక రోజు పొద్దున్నే గాలివాన వచ్చింది. కొమ్మ విరిగిపడి, స్తంభం నుంచి మేస్త్రి ఇంటికి వచ్చే తీగ స్తంభం దగ్గర తెగింది. ఇంటివైపు ముక్క గోడ మీదుగా వేలాడుతోంది. వీధంతా కరెంటు పోయింది. ఇదే అదనని మేస్త్రి పొంగిపోయాడు. యంత్రం తీగలను ఇంటి స్విచ్చిబోర్డులో బిగించి నడిపించాడు. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది. భార్య నోరెళ్లబెట్టి, ఎదురింటావిడను పిలవడానికి పరుగెత్తింది.

మెయిన్ స్విచ్చి దించాలని ఆయనకు తోచలేదు. దుకాణంలో మెయిన్ దించకుండా ఏ మోటారు మీదా చెయ్యి వేసేవాడు కాదు. కానీ ఆయన భయమంతా బయటి నుంచి లోపలికొచ్చే కరెంటు గురించే. లోపలి నుంచి బయటికి కూడా పోతుందన్న ఆలోచన ఆయనకు జన్మలో రాలేదు.

వాన తెరిపిచ్చింది. తన లైటు వీధిలోంచి ఎలా కనిపిస్తుందో చూద్దామని గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. గోడకు వెదురు నిచ్చెన వేసి ఉంది. దాని మీద బావమరిది. చెప్పులు కింద విడిచాడు, తడిసిన గ్లౌజులు నడుముకు దోపుకున్నాడు. వేలాడే తీగ కొసను అందుకోబోతున్నాడు.

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. మెయిన్ ఉన్నది వెనక గదిలో. అక్కడికి చేరేలోపు వాడి చెయ్యి తీగకు చేరుతుంది. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి తీగనే పట్టుకుంటాడేమో. గొంతు తగ్గించి పిలిచాడు.

"ఒరేయ్ నాన్నా, తీగ ముట్టుకోకు."

"ఏం బావా? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు నేనే పీకాను. ఇదిగో, జేబులో ఉన్నాయి. కరెంటు ఎక్కణ్నుంచొస్తుంది?"

"మనింట్లోంచి. మిషన్ నడుస్తోంది. మెయిన్ దించలేదురా."

వాడు నవ్వాడు. "నీ మిషన్ కరెంటిస్తే మీసం తీయించుకుంటాను," అని మళ్లీ చెయ్యి చాపాడు.

మేస్త్రి నిచ్చెన వైపు రెండడుగులు వేశాడు. ఆ యంత్రం ఉత్తదని ఈ ఇంట్లో ముందే తేల్చేసినవాడు వీడొక్కడే. తెలివైనవాడు కాబట్టే ఇప్పుడు చావబోతున్నాడు. గేటు దగ్గర భార్య, పక్కన ఎదురింటావిడ నిలబడి వింటున్నారు. విననీ అనుకున్నాడు.

"అబద్ధంరా. అదంతా అబద్ధం. బల్ల కింద బ్యాటరీ ఉంది, ఇన్వర్టరుంది. దాంతోనే నడుపుతున్నాను. తీగలో కరెంటుంది."

చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. వాడు జేబులోంచి టెస్టర్ తీసి తీగ కొసకు ఆనించాడు. ఎర్రగా వెలిగింది. నెమ్మదిగా నిచ్చెన దిగి, తడినేల మీదే చతికిలబడ్డాడు.

మేస్త్రి లోపలికి పరుగెత్తి మెయిన్ దించాడు. పెట్టె లాగి బ్యాటరీ తీగలు పీకాడు. యంత్రం ఆగింది. అసలు భయం అప్పుడు పట్టుకుంది. పెరట్లోకి వెళ్లి తొట్టిలో నీళ్లు ముఖాన కొట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి భార్య ఆ పెట్టె ముందు నిలబడి ఉంది.

"నాకు ముందే చెబితే ఏం పోయేది?" అంది. "ఎంత నవ్వినా మేమే కదా నవ్వేది."

ఆయన వంగి, పీకిన తీగలను చుట్టి పెట్టెకు దూరంగా పెట్టాడు.

వీధిలో తక్కిన ఇళ్లకు కరెంటివ్వాలంటే ముందు ఈ తీగ సరిచేయాలి. బావమరిది లేచి గ్లౌజులు తొడుక్కున్నాడు. 

"మెయిన్ దించావా?"

"దించాను."

"బ్యాటరీ?"

"తీగలు పీకేశాను."

"ఇంకోసారి చూసిరా బావా."

చూసొచ్చాడు. మళ్లీ తనకే నమ్మకం చాలక, ఇంకోసారి వెళ్లి చూసొచ్చాడు. వాడు టెస్టర్ పెట్టి చూసుకున్నాకే నిచ్చెనెక్కాడు. మేస్త్రి కింద నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు.

"బావా, నిచ్చెన ఊగుతోంది."

"నిచ్చెన కాదురా. నా చేతులు."

పైనుంచి నవ్వు వినిపించలేదు. మేస్త్రి తలెత్తాడు. మెట్టు మీద వాడి పాదాలు కూడా వణుకుతున్నాయి.