పైకి వెళ్ళని బుట్ట

మొన్న మొన్నటిదాకా అనియెల్లో తల ఎత్తి నడిచేవాడు కాదు. చిల్లర పారేసుకున్నవాడిలా నేల చూసుకుంటూ నడిచేవాడు. కొట్టు ముందు కూర్చున్నా చూపు కూరగాయల బుట్టల దగ్గరే ఆగిపోయేది. నేపుల్స్‌లో మా సనితా పేటకి కొత్తగా వచ్చినవాళ్ళు, పాపం పెద్దాయనకి మెడ పట్టేసిందనుకునేవాళ్ళు. మెడకి ఏ రోగమూ లేదు. తల ఎత్తితే నాలుగో అంతస్తులో తన ఇంటి బాల్కనీ కనబడుతుంది, అది చూడకూడదని పంతం. మూడేళ్ళు ఆ పంతం నెగ్గించుకున్నాడు.

అంతకుముందైతే పొద్దంతా పైకే చూసేవాడు. పైన ఆయన భార్య అసుంతా ఉండేది. ముందు మోకాళ్ళు, తర్వాత గుండె మొరాయించి ఆవిడ మెట్లు దిగడం మానేసింది. ఆ ఇంటికి లిఫ్టు లేదు, ఆ మెట్లు ఎక్కితే కుర్రాళ్ళకే ఆయాసం వస్తుంది. బాల్కనీ కమ్మీకి తాడు, తాడు చివర బుట్ట, పై కొసకి చిన్న గంట. ఆయన కింద కూరలు పెట్టి తాడు ఊపితే పైన గంట మోగేది, ఆవిడ లాక్కునేది. మధ్యాహ్నానికి అదే బుట్టలో గుడ్డ చుట్టిన గిన్నెలో ఆయన భోజనం దిగేది. దాని వెనకే మాటలు కూడా దిగేవి, వీధి వీధంతా వినేలా.

"వంకాయలన్నీ ముదురువి పంపావేం? మంచివన్నీ ఆ నున్జియాకి తూచావా?"

"నీ దగ్గరికొచ్చేసరికి ముదురుతున్నాయే. నాలుగంతస్తులు ఎక్కాలి కదా."

ఎదురుగా సబ్బులూ చీపుళ్ళూ అమ్ముకునే నున్జియా ఆ మాటకి కడుపు పట్టుకుని నవ్వేది. మా వీధిలో బుట్టలు దించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కానీ వాళ్ళిద్దరిలా బుట్టతో కాపురం చేసినవాళ్ళు లేరు.

అసుంతాకి అలక వస్తే నోరు మూసేసి బుట్టని కిందే వదిలేసేది. ఆయన ఎన్నిసార్లు తాడు ఊపినా లాగేది కాదు. బుట్ట కొట్టు ముందు అలా వేళ్ళాడుతూంటే వచ్చేపోయేవాళ్ళందరికీ తెలిసిపోయేది, ఇవాళ వీళ్ళకి పడలేదని. చివరికి ఆయన వీధి మధ్యకి వచ్చి, టోపీ తీసి, "తప్పయిపోయింది మహారాణీ" అని అరిస్తే అప్పుడు తాడు కదిలేది. అది మాకందరికీ వేడుక. ఆయనకీ వేడుకే.

ఆ చివరి అలక ఒక పరదా గురించి వచ్చింది. జూన్ నెల ఎండకి ఆకుకూరలు వాడిపోతున్నాయని అనియెల్లో కొట్టు ముందుకి చూరులా వాలే ముదురాకుపచ్చ పరదా ఒకటి కొత్తగా కట్టించాడు. పొద్దున్న దింపేవాడు, రాత్రి కొట్టు మూసేటప్పుడు చుట్టేసి పైకి వెళ్ళేవాడు. కట్టించిన రోజు నుంచీ ఆవిడ సణుగుడు మొదలుపెట్టింది.

"ఆ గుడ్డ తీసెయ్యి."

"ఎందుకే? నిన్నేం చేసింది?"

"ఆ రంగు చూస్తే కడుపులో తిప్పుతోంది."

"అయితే చూడకు."

ఆ వారమంతా ఇదే గొడవ. ఓ పొద్దున్న ఆయన మెట్లు దిగుతూంటే ఆవిడ తలుపు దగ్గర నిలబడి మళ్ళీ అంది. "ఇవాళ తీసేస్తావా, తియ్యవా?" ఆయన తియ్యనన్నాడు. సరుకు పాడైతే నీ మొగుడేం అమ్ముతాడే, మట్టిగడ్డలా, అన్నాడు. ఆవిడ తలుపు వేసేసుకుంది.

పొద్దెక్కాక బుట్ట దిగింది. వెసూవియో కొండ పక్క తోటల ఆప్రికాట్ పళ్ళు అప్పుడే కొట్టుకి వచ్చాయి, అవంటే ఆవిడకి ప్రాణం. రాజీ కోసం మెత్తటివి ఏరి పెట్టి తాడు ఊపాడు. గంట మోగింది. బుట్ట కదల్లేదు. మళ్ళీ ఊపాడు. కదల్లేదు.

"సమ్మె మొదలైంది" అన్నాడు కొట్టు దగ్గరున్న వాళ్ళతో. అందరూ నవ్వారు. నున్జియా గుమ్మంలోంచి, "టోపీ తియ్యి అనియెల్లో అన్నా, తొందరగా తెమిలిపోతుంది" అంది. ఆయన తియ్యలేదు. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం అన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ బుట్ట చూపించి జోకులేశాడు. కూర కొన్నవాళ్ళకి కొసరుగా ఆ కథ చెప్పాడు. మధ్యాహ్నం భోజనం గిన్నె దిగకపోయేసరికి, ఆకలితో చంపుతోంది చూడండి, అని కూడా అన్నాడు.

సాయంత్రం ఆయన అన్న కూతురు పత్రీజియా మందులు ఇద్దామని పైకి వెళ్ళింది. అది వేసిన కేక కింది వరకూ వినబడింది.

అసుంతా బాల్కనీ తలుపు పక్కన కుర్చీలో ఉంది, తాడు చేతికి అందేంత దూరంలో. ఎవరైనా వెంటనే చూసుకుని ఉంటే, అని మొదలుపెట్టిన డాక్టరు ఆ మాట అక్కడే ఆపేశాడు. ఆపినా అనియెల్లోకి అందాల్సింది అందింది. భార్య పోతూంటే కింద నిలబడి నవ్వించినవాణ్ణి నేను, అని అప్పటి నుంచీ ఆయన లోపల ఒకటే మాట. పైకి ఎవరితోనూ అనలేదు. అంత్యక్రియలు అయ్యాక మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. కొట్టు వెనక గదిలో మడతమంచం వేసుకున్నాడు.

మూసి ఉంచితే ఇల్లు పాడైపోతుందని పత్రీజియా దాన్ని బాగుచేయించి, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి వారాల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. "నీ ఇష్టం. ఆ బుట్ట మాత్రం తీసెయ్యి" అన్నాడు బాబాయి. ఆ పిల్ల సరేనంది, తియ్యలేదు. వచ్చినవాళ్ళు బుట్ట చూసి మురిసిపోతున్నారని దానికి కొత్త రిబ్బను కూడా కట్టింది. వాళ్ళు దానికి ఫొటోలు తీసుకునేవాళ్ళే గానీ కిందికి దించినవాళ్ళెవరూ లేరు, అందుకని ఆయనకి తెలియలేదు.

ఈ జూన్‌లో ఓ శనివారం తురిన్ నుంచి ఒక కుటుంబం దిగింది. ఫుల్వియో కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుల మనిషి, భార్య సిల్వానా స్కూల్లో వంట చేస్తుంది, వాళ్ళ కూతురు లివియాకి తొమ్మిదేళ్ళుంటాయి. ఏమేం చూడాలో పత్రీజియా చెప్పబోతే ఫుల్వియో చేతులు జోడించాడట. "అమ్మా, మేం ఏదీ చూడ్డానికి రాలేదు. నిద్రపోవడానికొచ్చాం. ఈ మెట్లు మళ్ళీ వచ్చే శనివారం దిగుతాను." అయితే బుట్ట దించండి, కింద మా బాబాయి కావలసినవి పెడతాడు, అంది పత్రీజియా. బాబాయికి చెప్పాలని మాత్రం దానికి తట్టలేదు.

ఆదివారం పొద్దున్న అనియెల్లో నిమ్మకాయలు సర్దుతూంటే చెవి పక్కన ఏదో వచ్చి ఆగింది. తిరిగి చూస్తే అసుంతా బుట్ట. ఆయన చేతిలో నిమ్మకాయ చేతిలోనే ఉండిపోయింది.

పైనుంచి పిల్ల గొంతు వినబడింది. "తాతా, టమాటాలు కావాలి! నాన్న పీచ్ పళ్ళు కూడా అంటున్నాడు!"

ఆయన కదల్లేదు. సంగతి చూసిన నున్జియా గబగబా దాటి వచ్చి బుట్టలో చేతికందినవి పడేసి తాడు ఊపింది. గంట మోగింది. ఆ గంట విని ఆయన వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ పూటకి కొట్టు నున్జియాయే చూసుకుంది. తర్వాత పత్రీజియాని పిలిచి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది కూడా.

సోమవారం బుట్ట మళ్ళీ దిగింది. అసలే నోరు ఊరుకోని పిల్ల. "తాతా, ఉన్నారా? ఇవాళ మా అమ్మ వంకాయ చేస్తుందట. లేతవి పెట్టమంది." లేతవి అనే మాట ఎక్కడ తగిలిందో, అనియెల్లో లేచి వంకాయలు ఏరాడు. తల ఎత్తకుండానే పెట్టి తాడు ఊపాడు. బుట్ట పైకి పోయింది. మంగళవారానికి అడగనివి కూడా పెట్టాడు, కూరలో వేసుకునే తులసాకు గుప్పెడు, రెండు తియ్య ఉల్లిపాయలు. పిల్ల కిందికి బిస్కెట్లు పంపింది. బుట్టని ఖాళీగా పంపకూడదని దానికెవరూ చెప్పలేదు, అదే పంపింది.

పైన వాళ్ళు నిజంగానే ఏమీ చెయ్యలేదు. పొద్దెక్కేదాకా పడుకున్నారు, బాల్కనీలో బనీన్లతో కూర్చున్నారు, పేకాడారు, గట్టిగా నవ్వుకున్నారు. మూడేళ్ళుగా వారానికొకరు మారిన ఆ ఇంట్లో మొదటిసారి ఇల్లు ఇల్లులా వినబడింది. అనియెల్లో పైకి చూడకపోయినా వినేవాడు. వింటున్నాడని మాకు తెలుసు.

బుధవారం ఎండ నిప్పులు చెరుగుతోంది. బుట్ట కొంచెం ఆలస్యంగా దిగింది. పిల్ల మాట్లాడలేదు. ఆప్రికాట్లు వచ్చి ఉన్నాయి. ఆయన ఒక్క క్షణం ఆగి, మెత్తటివి ఏరి పెట్టి తాడు ఊపాడు. గంట మోగింది. బుట్ట కదల్లేదు.

మళ్ళీ ఊపాడు. గంట మోగింది. కదల్లేదు.

"పాపా" అన్నాడు. గొంతు పైదాకా పోలేదు. "పాపా!"

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. త్రాసు ఎవరి ముందు వదిలేశాడో, ఎవరు పిలుస్తున్నారో చూసుకోలేదు. డెబ్భై దాటిన మనిషి ఆ మెట్లు పరుగున ఎక్కాడు. రెండో అంతస్తులో తూలి గోడ పట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. తలుపు రెండు చేతులతో బాదాడు.

ఫుల్వియో నిద్రకళ్ళతో, లుంగీలా తువ్వాలు చుట్టుకుని తలుపు తీశాడు. అనియెల్లో అతన్ని పక్కకి నెట్టుకుని లోపలికి పోయాడు. బాల్కనీ తలుపు పక్కన కుర్చీలో లివియా ఉంది, తల వాల్చేసి. ఆయన మోకాళ్ళ మీద కూలబడి ఆ పిల్ల భుజాలు పట్టుకున్నాడు.

లివియా కళ్ళు తెరిచింది. "తాతా? అయ్యో, బుట్ట. దించి నిద్రపోయా." రాత్రి పేకాట బాగా పొద్దుపోయేదాకా సాగిందట.

ఆయన అలాగే నేల మీద కూర్చుని ఏడ్చాడు. పేట మొత్తంలో ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు, సమాధి దగ్గర కూడా. ఊరూ పేరూ తెలియని ఆ ముగ్గురూ చూశారు. సిల్వానా ఏమీ అడగకుండా మంచినీళ్ళు తెచ్చి పక్కనే కూర్చుంది.

"అంత పరిగెత్తుకొచ్చారేంటి తాతా?" అంది పిల్ల బెదురుగా. "నిద్రేగా పోయాను."

"బుట్ట పైకి లాగకపోతే ఎవరో ఒకరు వచ్చి చూడాలమ్మా" అన్నాడు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "నేను రాలేదు" అన్నాడు. ఆ రెండో మాట వాళ్ళకి అర్థం కాలేదు.

ఆయన్ని నవ్వించాలనుకున్నాడో ఏమో, ఫుల్వియో కూతురి వైపు తిరిగాడు. "చూశావా, మీసాలున్నాయి. నేనే గెలిచాను."

"ఏం గెలిచావు?" అన్నాడు అనియెల్లో కళ్ళు తుడుచుకుంటూ.

"మీ మొహం ఎలా ఉంటుందోనని పందెం వేసుకున్నాం తాతా" అంది లివియా. "ఇక్కణ్ణించి మీరసలు కనబడరు. ఆ పచ్చ పరదాయే కనిపిస్తుంది. బుట్టలో పెట్టేటప్పుడు చెయ్యొకటి బయటికొస్తుంది, అంతే. రండి, చూపిస్తా."

చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయింది. మూడేళ్ళుగా తల ఎత్తని మనిషి అక్కణ్ణించి తల దించి చూశాడు. కింద వీధి ఉంది, నున్జియా చీపుళ్ళు ఉన్నాయి, వచ్చేపోయేవాళ్ళ తలలున్నాయి. ఆయన కుర్చీ లేదు, త్రాసు లేదు, కొట్టు లేదు. ఆ చివర నుంచి ఈ చివరికి ముదురాకుపచ్చ గుడ్డ ఒక్కటే ఉంది. పగటిపూట కొట్టు వదిలి ఆయన ఎప్పుడూ పైకి వచ్చినవాడు కాదు. రాత్రి వచ్చేసరికి అది చుట్టేసి ఉండేది.

రంగు చూస్తే కడుపులో తిప్పుతోందంది. నువ్వు కనబడ్డం లేదయ్యా అని నోరు తెరిచి అనడానికి ఆవిడకి సిగ్గు. కాపురం పొడుగునా అలాంటి మాట ఒక్కటీ అనలేదు. మెట్లు దిగలేని మనిషికి పొద్దుట్నుంచి రాత్రి దాకా ఉన్న ఒక్క కాలక్షేపాన్ని ఆయన గుడ్డ కట్టి మూసేశాడు. మూసేసి, చూడకు అన్నాడు. ఆ రోజు ఆవిడ ఆ కుర్చీలోంచి ఎన్నిసార్లు కిందికి చూసుకుందో, ఆయన కోసమే చూసుకుందో, ఇప్పుడెవరు చెప్తారు.

ఆయన కమ్మీ వదిలి లోపలికి వచ్చాడు. తర్వాత మెల్లగా మెట్లు దిగి వచ్చి, నిచ్చెన వేసుకుని, నట్టెండలో పరదా విప్పడం మొదలుపెట్టాడు.

మిగిలిన రోజులు లివియా పైనుంచి చెయ్యి ఊపితే ఆయన తల ఎత్తి టోపీ తీసేవాడు. శనివారం వాళ్ళు సామాన్లతో దిగారు, ఫుల్వియో ప్రతి మెట్టునీ తిట్టుకుంటూ. పిల్ల ఆయన్ని కావలించుకుంది. బాల్కనీ ఖాళీ అయింది. ఇంకెవరికీ ఇవ్వొద్దని పత్రీజియాకి చెప్పాడు. రాత్రుళ్ళు ఇప్పుడు పైనే పడుకుంటున్నాడు.

ఆగస్టు ఎండకి ఆకుకూరలు పదింటికల్లా తలలు వాల్చేస్తున్నాయి. ఆప్రికాట్ల కాలం అయిపోయింది, పీచ్ పళ్ళు బుట్టల్లోనే కుళ్ళుతున్నాయి. నున్జియా రోజూ నెత్తి కొట్టుకుంటుంది. "అనియెల్లో అన్నా, బంగారం లాంటి పరదా పెట్టుకుని ఈ మాడిపోవడమేంటి? సరుకు పోతోంది, నువ్వూ పోయేలా ఉన్నావు. అది ఎందుకు తీసేసినట్టు?"

"అసుంతా తీసెయ్యమంది."

నున్జియా బిత్తరపోయి చూసింది. "ఎప్పుడు?"

"అప్పుడే. వారం రోజులు చెప్పింది" అన్నాడు ఖాళీ బాల్కనీ వంక చూస్తూ. "నాకు ఇప్పుడు వినబడింది."

కుర్చీని ఇంకొంచెం ముందుకి, నీడ లేని చోటికి జరుపుకుని కూర్చున్నాడు.