బూడిదకు నట్టల మందు

మూడు నెలలకోసారి మా పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, సూది లేని సిరంజిని దాని నోటి పక్కగా దూర్చి నట్టల మందు పోస్తాను. కడుపులో పురుగులు పోవడానికి పోసే ఆ తెల్లటి మందుకు పైపైన అరటిపండు వాసన, దాని అడుగున తడిసిన సున్నం లాంటి చేదు వాసన ఉంటాయి. తిరుచానూరు రోడ్డులో మూడో అంతస్తులో నేను ఒక్కదాన్నే ఉండే ఈ ఇంట్లో ఆ వాసన చాలాసేపు వేళ్లను పట్టుకుని ఉంటుంది. ఆ పూట నేను ఏ పని చేస్తున్నా మనసు మాత్రం పలమనేరులో, కనకమ్మత్త ఇంటి పెరట్లో, గడ్డివాము పక్కన కూర్చుని ఉంటుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. వడమాలపేట బళ్లో అయ్యవారుగా ఉన్న మా నాయన, అమ్మకు ఒంట్లో బాగలేదని వేలూరు ఆస్పత్రిలో చేర్పించి, నన్ను తెచ్చి తన అక్క కనకమ్మ దగ్గర వదిలిపెట్టాడు. పది రోజుల్లో వచ్చి తీసుకుపోతానని చెప్పాడు. ఆ పది రోజులు వినాయక చవితి దాటి, దసరా దాటి, దీపావళి కూడా దాటిపోయాయి. అత్తకు భర్త లేడు, పిల్లలు లేరు, రెండు ఆవులున్నాయి. ఆమె మాటలన్నీ ఆ ఆవులతోనే. నాతో మాట్లాడవలసి వస్తే ఆవులతో మాట్లాడినట్టే పొట్టిగా, గట్టిగా, తిను, జరుగు, పడుకో అనేది.

పలమనేరులో చలి మా ఊరి చలి లాంటిది కాదు. తెల్లవారి లేచి చూస్తే ఎదురింటి గోడ కనబడనంత మంచు. ఆ మంచులోంచి పాల క్యాన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు, సైకిళ్ల గంటలు, ఎవరో దగ్గే దగ్గు మాత్రం వినిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. పొయ్యి ముందు కూర్చుంటే ఒంటికి ఒకవైపు వేడి, ఒకవైపు చలి. మధ్యాహ్నానికి అత్త రాగిసంగటి ముద్దలు చేసి, వేయించిన వేరుశనగ గింజలతో ఊరిబిండి నూరి, ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసేది. నెయ్యికి కొదువ లేని ఇల్లు అది. మాటకే కొదువ. వీధిలో పిల్లలు నన్ను ఆటకు పిలవలేదు, నేను అడగలేదు. వామనగుంటల పీట ముందు పెట్టుకుని అటువైపు చింతగింజలూ ఇటువైపు చింతగింజలూ నేనే ఆడి, ఎవరు గెలిచినా నేనే కదా అనుకుని పీట మూలకు తోసేసేదాన్ని.

గడ్డివాములో పిల్లి పిల్లల్ని పెట్టింది దసరా ముందు. తల్లి పిల్లి ఒకరోజు రోడ్డు దాటి పోయి మళ్లీ రాలేదు. రెండు పిల్లలు మిగిలాయి. ఎప్పుడూ పొయ్యి పక్కన పడుకుని ఒళ్లంతా దుమ్ము చేసుకునే బూడిదరంగు దానికి బూడిద అనీ, తెల్లటి నుదుటి మీద నల్లమచ్చ ఉన్న దానికి బొట్టు అనీ పేర్లు పెట్టాను. పాలు పితికేటప్పుడు అత్త నా లోటాలోకి పోసిన పాలల్లో సగం వాటికి పోసేదాన్ని. అత్త చూసి కూడా చూడనట్టే ఉండేది. ఒక్క మాట మాత్రం మొదటిరోజే చెప్పింది, ఇంట్లో దొడ్డికి పోయి అసింగం చేసినా, రోగమొచ్చినా సంచిలో వేసి సంత దగ్గర వదిలేసి వస్తానని. ఆమె అన్నది అన్నట్టు చేసే మనిషని నేను నమ్మాను.

బొట్టుకు పొట్ట గుండ్రంగా బంతిలా ఉబ్బుతుంటే నేను మురిసిపోయాను. నా పాలు తాగి బలిసిందనుకున్నాను. వీపు మీద ఎముకలు చేతికి తగులుతున్నా, వెంట్రుకలు పాత చీపురులా నిక్కబొడుచుకుంటున్నా నాకు ఆ పొట్టే కనబడేది. దీపావళి పొద్దున ఇంటినిండా కజ్జికాయలు వేగే వాసన, అత్త తలస్నానం చేయించి నా నెత్తిన పెట్టిన సీకాయ ఘాటు, వీధిలో పిల్లలు కాల్చే సీమటపాకాయల పొగ అన్నీ కలిసిన ఆ పూట, బొట్టు గడ్డివాము వెనక కక్కుకుంది. తాగిన పాలతోపాటు సేమ్యా పోగుల్లాంటివి నాలుగైదు పడ్డాయి. వంగి చూస్తే అవి మెదులుతున్నాయి. తర్వాత చేసిందేమిటంటే, పొయ్యిలోంచి బూడిద తెచ్చి కప్పి, చిప్పతో ఎత్తి దిబ్బలో పూడ్చి, చేతులు పావడాకు తుడుచుకుని, ఏమీ జరగనట్టు లోపలికి వచ్చాను. మధ్యాహ్నం అత్త సేమ్యా పాయసం పెట్టింది. తినలేకపోయాను. అమ్మ గుర్తొచ్చిందేమోనని ఆమె నన్ను బలవంతపెట్టలేదు.

తర్వాత ఐదారు రోజులు నా పనంతా దాచడమే. అత్త లేవకముందే లేచి గడ్డివాము చుట్టూ వెతికేదాన్ని. కనబడినదంతా పూడ్చేదాన్ని. బొట్టు తిండి మానేసింది. అత్త అడిగితే ఇప్పుడే తాగిందని చెప్పి, ఆ పాలు నేనే తాగేసేదాన్ని. ఏడో రోజు పొద్దున గోనెసంచి మీద అది కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. ముట్టుకుంటే చల్లగా, చెక్కలా ఉంది. నా ఏడుపు విని అత్త పాలచెంబు చేతిలో పట్టుకునే వచ్చింది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగింది. సంతలో వదిలేస్తావని భయపడి చెప్పలేదని, దీపావళి నుంచీ జరిగినదంతా చెప్పేశాను.

అత్త తిట్టలేదు. చెంబు కింద పెట్టి నా పక్కన నేల మీద కూర్చుంది.

"నేనేదో నోటికొచ్చింది అన్నాను మే. నువ్వు ఒక మాట సెప్పుంటే మస్తాన్ సాబు కాడికి నేనే ఎత్తకపోతాంటి గదా," అంది. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

జామచెట్టు కింద బొట్టును పూడ్చి, ఆ పూటే బూడిదను బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి నడిచాం. మస్తాన్ సాబు అక్కడ కాంపౌండరు. అత్త ఆవులకు ఎప్పుడు ఏం వచ్చినా చూసేది ఆయనే. ఎద్దుల మధ్య, గేదెల మధ్య మా బుట్టను చూసి వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. బూడిదను అరచేతిలో పడుకోబెట్టి, వేలితో పొట్ట తడిమి, కనురెప్ప లాగి చూసి, గుడ్డలో మూటగట్టి ఎదురుగా ఉన్న అంగడికి తీసుకుపోయి తక్కెడలో తూయించాడు. ఆవులకు కొలిచినట్టు కాదు, దీని బరువెంతో తెలియకుండా పోస్తే మందే దీన్ని చంపుతుందని అత్తకు చెప్పాడు. తర్వాత చుక్కలు లెక్కపెట్టి నోట్లో వేసి, నా వైపు తిరిగాడు.

"ఇది తిండి బొజ్జ కాదు పాపా, నట్టల బొజ్జ. తల్లి పాలల్లోనే వచ్చుంటాయి. ఈ పొద్దు పోసింది పెద్ద పురుగులకు. సిన్నవి ఇంకా లోపల ఉండాయి. పదైదు దినాలకు మళ్లీ తీసకరా. రాకపోతే ఇది పోసినా పొయ్యనట్టే."

ఇంకా చాలా చెప్పాడు. పిల్లి దొడ్డికి పోయే బూడిదపెట్టెను రోజూ ఖాళీ చేసి గుంటలో పూడ్చమన్నాడు. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగమన్నాడు. దాని ఒంటి మీద గెంతే చిన్న నల్లపురుగులను పేన్ల దువ్వెనతో దువ్వి సబ్బునీళ్లలో వేయమన్నాడు, బియ్యపుగింజల్లా తోక దగ్గర కనబడే ఇంకో రకం నట్టలు వాటివల్లే వస్తాయట. పచ్చిమాంసం వేయొద్దన్నాడు. నన్ను కూడా పెద్దాస్పత్రిలో చూపించి నులిపురుగుల మాత్ర ఇప్పించమని అత్తకు చెప్పాడు.

తిరిగి వచ్చే దారిలో, టమాటా గంపలు దించుతున్న మండీ దాటగానే నేను ఆగిపోయాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ తెలియదు.

"అత్తా, అమ్మ సంగతి మీరు నాతో దాస్తాండారా?"

అత్త బుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పాపకు చెప్పొద్దని నాయన ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమె రోడ్డు పక్కకు జరిగి, నా ఎత్తుకు వంగి, నా కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"మీయమ్మకు బాగలేదు మే. బాగయ్యేది గూడా కష్టమే అంటాండారు. సూస్తావా?"

తల ఊపాను. ఆ ఆదివారం పొరుగింటావిడకు ఆవులను అప్పగించి, అత్త నన్ను వేలూరు బస్సు ఎక్కించింది. మమ్మల్ని ఆస్పత్రి మెట్ల మీద చూసి నాయనకు కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఏడ్చాడు. అమ్మ చిక్కిపోయి మంచంలో సగమే ఉంది. చేతులు మాత్రం అమ్మవే. ఏం మాట్లాడాలో తెలియక నేను బొట్టు సంగతి, దాచిన సంగతి, తక్కెడలో తూచిన సంగతి మొత్తం చెప్పాను. అంగట్లో మూట విప్పగానే బూడిద పోయి బెల్లం బుట్టలో కూర్చుందని చెప్పినప్పుడు అమ్మ నవ్వింది. నవ్వితే ఆమెకు దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, చేతులు కడుక్కుంటున్నావా అని అడిగింది.

అలా మూడు ఆదివారాలు వెళ్లాం. రెండోసారి వెళ్లినప్పుడు పదిహేను రోజుల మందు ఎప్పుడని అమ్మే గుర్తుచేసింది. మూడోసారి, ఆ మందు పోశామనీ, ఈసారి ఒక్క పురుగు కూడా పడలేదనీ, బూడిద ఒళ్లు నున్నగా మెరుస్తోందనీ చెబితే, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాలుగో ఆదివారానికి అమ్మ లేదు.

నాయన నన్ను వడమాలపేటకు తీసుకుపోయాడు. బూడిద అత్త దగ్గరే ఉండిపోయింది. మస్తాన్ సాబు ఆవులకోసం వచ్చినప్పుడల్లా అత్త దాన్నీ పట్టుకుని మందు పోయించేది. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆమె రాసే కార్డుల్లో ఆవులు, వానలు, చివర బూడిదకు మందు పోసిన సంగతి తప్పకుండా ఉండేవి. పదకొండేళ్ల తర్వాత వచ్చిన కార్డులో నాలుగే ముక్కలున్నాయి. "బూడిద ఈ పొద్దు పోయింది. బాధ పడలేదు. ముసలిది అయిపోయినాది. నీతో దాసకూడదని రాస్తాండా."

ఆ మరుసటి ఏడే అత్త పోయింది. నేను డిగ్రీ ఆఖరి పరీక్షలు రాస్తున్నానని, మనసు చెదురుతుందని, పదకొండో రోజు దాటేదాకా ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

పోయిన నెల బెంగళూరు పోతూ పలమనేరులో దిగాను. అత్త ఇంటి చోట టైర్ల షాపు ఉంది. జామచెట్టు ఉన్న చోట సిమెంటు నేల మీద లారీ నిలబడి ఉంది. పశువుల ఆస్పత్రి కొత్త భవనంలో ఉంది, మస్తాన్ సాబు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పాలకు పొద్దున పూట వ్యాన్లు వస్తున్నాయి, క్యాన్లు మోసే సైకిళ్లు లేవు. అంత చలి కూడా లేదు. నేను టైర్ల షాపు ముందు చాలాసేపు నిలబడినట్టున్నాను, లోపలి నుంచి ఒకాయన వచ్చి ఎవరు కావాలమ్మా అని అడిగాడు. ఎవరూ లేరని చెప్పి బస్టాండు వైపు నడిచాను.