ఆక్సిజన్ వదలని ఎర్ర సీసా కోసం మదనపల్లె నుంచి కుప్పం దాకా

పదో తరగతి సైన్సు పరీక్షలో నేనే ఇచ్చిన ప్రశ్న ఇది: 'కిరణజన్య సంయోగక్రియ జరిగిన ప్రతిచోటా ఆక్సిజన్ వెలువడుతుంది. తప్పా, ఒప్పా?' క్లాసులో సునీత ఒక్కతే తప్పు అని రాసింది. కారణం అడిగితే, కుప్పం దగ్గర వాళ్ల అవ్వ పంటకు చల్లడానికి గుడ్డు కలిపిన నీళ్లతో సీసాల్లో ఎర్రనీళ్లు చేస్తుందని, వాటిలోని బ్యాక్టీరియా ఎండతోనే బతుకుతుందని, ఆక్సిజన్ మాత్రం వదలదని చెప్పింది. "కోడిగుడ్డు కుళ్లబెట్టిన నీళ్లు సైన్సు కాదమ్మా, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఇంటికెళ్లి నా డిగ్రీ పుస్తకం తిరగేస్తే ఆ పిల్ల చెప్పిందే నిజం. తల కొట్టేసినట్టయింది. మర్నాడే మార్కు దిద్దాను గానీ, సునీత మళ్లీ చెయ్యెత్తలేదు. ఇంటర్లో బైపీసీ తీసుకుంటానని ఊరంతా చెప్పుకున్న పిల్ల ఇప్పుడు సైన్సే వద్దంటోందని వాళ్లమ్మ ఫోన్ చేసి బాధపడింది.

ఎర్రనీళ్లు నేనే చేసి చూపిద్దామనుకున్నాను. వాళ్లమ్మ దగ్గర అవ్వ ఇచ్చిన ఎర్రనీళ్లు కాస్త అడిగి తెచ్చి, గిలకొట్టిన గుడ్డు కలిపిన నీళ్లలో పాలకు తోడు వేసినట్టు వేశాను. జీవులన్నాక గాలి కావాలి కదా అని మూత తీసి మేడ మీద ఎండలో పెట్టాను. పది రోజులైనా ఎరుపు రాలేదు, కంపు మాత్రం వచ్చింది. మీ మేడ మీద ఏం చచ్చిందని పక్కింటావిడ అడిగి వెళ్లింది. అప్పుడు పట్టు పట్టాను. మొక్క, పాచి, బ్యాక్టీరియా మూడూ ఎండను ఎలా వాడుకుంటాయో ఒక్క రోజులో కళ్లారా చూసి వచ్చాకే ఆ పాఠం మళ్లీ చెప్పాలని ఆదివారం బయల్దేరాను.

ఉదయం ఏడుకల్లా మదనపల్లె శివార్లలో టమోటా నారు పెంచే ఒక నర్సరీలో ఉన్నాను. అక్కడ పనిచేసే రెడ్డెప్ప, ఎండ బాగా తగిలే ట్రేను, నీడ మూలనున్న ట్రేను పక్కపక్కన పెట్టాడు. "ఎండ సాలకపోతే నారు దాన్ని ఎతుక్కుంటా సాగిపోతాది సూడమ్మా. కాడ సన్నబడతాది, నాటితే పడిపోతాది" అన్నాడు. ఏళ్లుగా నేను బోర్డు మీద గీస్తున్నది అదే. ఆకులోని పత్రహరితం వెలుగును పట్టుకుంటుంది, ఆ శక్తితో నీరు విడిపోతుంది, ఆక్సిజన్ బయటికి వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారి మొక్కకు ఒళ్లవుతుంది.

ఎనిమిదింటి బస్సులో పుంగనూరుకు గంటలోపే చేరాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కాబట్టి కార్డు మరవకండి. అక్కడ నా స్నేహితురాలి నాన్న వెంకటప్ప తన ఆవుల నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. తొట్టి అడుగున పచ్చటి పాచి. "పొద్దున అడుగునుంటాది, ఎండెక్కేకొద్దీ పైకి తేలతాది. యాలనో నాకు తెల్దు" అన్నాడు. పదిన్నరదాకా కదలకుండా కూర్చున్నాను. పాచి పోగుల మధ్య సన్నటి బుడగలు పుట్టి, వాటి వల్ల ఒక్కో తునక పైకి లేచింది. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. అయినా మొక్క చేసే పనే చేస్తోంది, నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదులుతోంది. ఆ బుడగలు ఆక్సిజన్‌వేనని చెబితే వెంకటప్ప తొట్టి కడగడం సాయంత్రానికి వాయిదా వేశాడు.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఒంటిగంటన్నర. అక్కడి నుంచి ఊరికి ఆటోకు నూట యాభై అడిగాడు, ఇచ్చాను. సునీత అవ్వ మునెమ్మ చిక్కుడు తోట గట్టు మీద నాలుగు సీసాలు వరసగా పెట్టి ఉంచింది. ఎండకు పట్టి చూస్తే బీట్‌రూట్ రసమే. నా సీసా సంగతి చెప్పగానే ఆమె నవ్వింది.

"మూత యాల తీసినావమ్మా? అది మొక్కనుకుంటివా? గాలి తగిలితే ఎరుపు కట్టదు. సీసా నిండా పోసి, బిరడా బిగించి, ఎండలో పెట్టి ఊరకుండాల."

నా పొరపాటు అంతా అందులోనే ఉంది. ఈ బ్యాక్టీరియా నీటిని విడగొట్టదు. గుడ్డు నీళ్లలో కరిగిన పదార్థాల నుంచే తనకు కావలసింది లాక్కుంటుంది. నీరు విడిపోనప్పుడు ఆక్సిజన్ ఎక్కడిది? ఉన్న ఆక్సిజన్ కూడా దాని పని చెడగొడుతుంది.

"మా సునీత బాగా సదువుతాండాదా?" అంది అవ్వ. జరిగినదంతా చెప్పాను, క్లాసు నవ్విన సంగతితో సహా. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె చిక్కుడు తీగ ఒకటి పందిరికి సర్దింది.

"తప్పయిందని నాకు సెప్తే ఏముండాది? నలగరి ముందర నవ్వించినావు, నలగరి ముందరే సెప్పు" అని ఒక సీసా నా సంచిలో పెట్టింది.

నాలుగింటికి కుప్పంలో బస్సెక్కితే మదనపల్లె చేరేసరికి ఎనిమిది దాటింది. ఇలాంటి సీసాలు చూడాలనుకునే వాళ్లకు ఒక్క సలహా: మూడులోపే తోటకు చేరండి, పొద్దు వాలితే ఆ ఎరుపు నల్లగా కనిపిస్తుంది.

సోమవారం మొదటి పీరియడ్. సీసా బల్ల మీద పెట్టి, "ఆ రోజు సునీత చెప్పింది ఒప్పు, నేను చెప్పింది తప్పు. తెలియక ఆమెను నవ్వులపాలు చేశాను. క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. సునీత తల వంచుకునే ఉంది. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లల్లో గౌరవం పోతుందని ఇన్నేళ్లూ భయపడ్డాను. నిజానికి నాకు తెలియనిది ఉందని ఒప్పుకోనివ్వని ఆ భయమే నన్ను మళ్లీ చదవకుండా ఆపింది. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి మూడో బెంచీలో సునీత చెయ్యి సగం లేచింది.

"మేడం, భూమ్మీద మొదట్లో అన్నీ ఇట్లాంటి బ్యాక్టీరియానే ఉంటే, గాలిలోకి ఆక్సిజన్ ఎవరు తెచ్చినారు?"

జవాబు నాకు తెలుసు. అయినా చదివి తనే అందరికీ చెప్పమని, లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం, చాక్‌పీసు ఆమె చేతికిచ్చి, ఆమె లేచిన చోట నేను కూర్చున్నాను.