డెల్మర్ బిగించిన బ్లేడ్లు

గ్లెన్నా ప్రేటర్ నోట్లో ఒక మాట చలికాలమంతా నానుతూనే ఉంది. "మిషన్ అమ్మేద్దాం." అంతే, రెండు ముక్కలు. పొద్దున్న కాఫీ దగ్గర అనేద్దామనుకునేది. మొగుడు డెల్మర్ వీపు వెనక దిండు సర్దుకోవడానికి పడే అవస్థ చూసి మింగేసేది. రాత్రి పక్క మీద అందామనుకునేది. ఈలోగా నిద్ర ముంచుకొచ్చేది. అలిసిన మనిషికి నిద్ర రావడానికి ఎంతసేపు?

మిషన్ అంటే పెరట్లో తోసుకుంటూ తిరిగే బుల్లిది కాదు. ఎక్కి కూర్చుని రెండు చేతికర్రలు పట్టుకుని నడిపే పెద్ద గడ్డి మిషన్. కింద బోర్లించిన మూకుడులాంటి డెక్కు, ఆ డెక్కు లోపల గిరగిరా తిరిగే మూడు బ్లేడ్లు. కెంటకీ కొండవాలులో ఉన్న చర్చీల ఆవరణలు, సమాధితోటలు, బ్యాంకు ముందున్న పచ్చిక, వీటిలో గడ్డి కోసుకుంటూనే మొగుడూ పెళ్ళాం ఇన్నేళ్ళూ బతుకు వెళ్ళదీశారు. అతను మిషన్ నడిపేవాడు, ఆమె వెనకాలే రాళ్ళ చుట్టూ చేతిమిషన్‌తో సరిచేసుకుంటూ వచ్చేది. చలికాలంలో మిషన్ విప్పి బాగుచేసుకునే పని మాత్రం పూర్తిగా అతనిదే. ఆ పని దగ్గరికి ఇంకొకర్ని రానిచ్చేవాడు కాదు.

పోయిన ఆకురాలు కాలంలో డెల్మర్ నడుముకి ఆపరేషన్ అయింది. వంగడానికి లేదు, బరువెత్తడానికి లేదు. పైగా షుగర్, వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి, చొక్కా గుండీలు పెట్టుకోవాలన్నా గ్లెన్నా రావాలి. ఆమేమో పొద్దున్నంతా స్కూలు వంటశాలలో పిల్లలకి వండి, గిన్నెలు తోమి, మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికే కాళ్ళు ఈడుస్తూ ఉంటుంది. ఇక ఈ ఏడు గడ్డి కోతంతా ఆమె నెత్తినే.

కింది రోడ్డులో ఉండే కర్టిస్ ఆ మిషన్ మీద కన్నేశాడు. కిరాణా కొట్టు ముందు ఆమెను ఆపి, "ఈస్టర్ లోపు ఏదో ఒకటి తేల్చు గ్లెన్నా. లేకపోతే నేను వేరేది చూసుకుంటా" అన్నాడు. "సరే, చూస్తాలే" అందామె. అన్నదేగానీ ఇంటికొచ్చి మళ్ళీ నోరు మూసుకుంది.

మార్చి నెల సగం దాటింది. రెండు వానలు పడి కాస్త ఎండ కాసేసరికి అడవి ఉల్లికాడలు గుబురు గుబురుగా లేచాయి. అవి లేచాయంటే గడ్డి వెనకాలే వస్తుంది. ఒక మధ్యాహ్నం గ్లెన్నా కొట్టం తలుపు తీసింది. డెల్మర్ కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

"ముందు ఇంజిన్ మూత విప్పు" అన్నాడు.

"విప్పుతున్నా."

"ఆ బోల్టు కాదు, వెనకది."

"నేనేం నిన్న కాపురానికి వచ్చానా డెల్మర్? వెనకదే విప్పుతున్నా. నీ కళ్ళజోడు తుడుచుకో."

మూత తీయగానే లోపల గుప్పెడు దూది, ఎండు గడ్డి, ఎర్ర ఉన్ని పోగులు. ఎలుక గూడు.

"అయ్యో, ఇది నా సాక్స్!" అన్నాడు డెల్మర్. "వెతికి వెతికి చచ్చా దానికోసం."

"నీకంటే వాటికే బాగా పనికొచ్చింది. చలికాలమంతా వెచ్చగా కాపురం చేశాయి. మనిద్దరికంటే నయం."

"నవ్వకు. ఈ గూడు పెట్టుకుని స్టార్ట్ చేసి ఉంటే ఇంజిన్‌కి గాలి ఆడక మాడిపోయేది."

పోయినేడు ఆసుపత్రి హడావుడిలో ట్యాంకులో పెట్రోలు అలాగే ఉండిపోయింది. మూత తీస్తే వార్నిష్ కంపు. అదంతా లాగి పారబోసింది. జిగురు పట్టిన కార్బురేటర్ విప్పి, సన్న తీగతో కన్నాలు పొడిచి కడిగింది. నూనె మార్చింది, ప్లగ్గులు మార్చింది, గ్రీసు కొట్టింది. ముందు భాగాన్ని గొలుసేసి దూలానికి పైకి లాగి, కింద దిమ్మలు పెట్టి, డెక్కు గీకడం మొదలుపెట్టింది. పోయినేటి గడ్డి అడుగంటిన మాడులా పట్టేసింది. గీకుతుంటే కళ్ళల్లో పడింది, జుట్టులో పడింది, నోట్లో పడింది. "ఆ మూల ఇంకా ఉంది" అంటాడు డెల్మర్. "నాకు కనిపిస్తోంది" అంటుందామె. కాసేపటికి మళ్ళీ, "ఆ మూల." ఆమె గీకే బిళ్ళ అతని కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. "నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే నేను ఈ నెలలోనే ముగిస్తా." అతను మూసుకున్నాడు. ఆ మూకుడు కిందనుంచి చూస్తే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడి వదిలాక ఎవరూ తీసుకెళ్ళడానికి రాని పిల్లాడిలా కనిపించాడు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

బ్లేడ్లు తీసి గ్రైండర్ మీద పదును పెట్టింది. ఒక్కోదాన్ని గోడ మేకుకి నడిమి కన్నంతో తగిలిస్తే, ఏ వైపు బరువుంటే ఆ వైపు వాలుతుంది. "ఇంకొంచెం ఎడమ" అన్నాడు డెల్మర్. ఆకురాయి పెట్టి రాసింది. మళ్ళీ తగిలించింది. బ్లేడు అడ్డంగా, కదలకుండా నిలబడింది. "ఊఁ" అన్నాడు. ఆ నెలలో అతను మెచ్చుకున్నదల్లా అదే.

మర్నాడు స్కూలుకి పోతూ, బ్లేడ్లు పాత పేపరు మీద పరిచి, "సాయంత్రం వచ్చి బిగిస్తా" అని చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పేపరు ఖాళీ. డెల్మర్ బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కానిండా గ్రీసు, నుదుటి మీద గ్రీసు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బిగించేశా" అన్నాడు.

"వంగొద్దన్నాడు కదయ్యా డాక్టరు!"

"ఎవడు వంగాడు? అది ముక్కు పైకెత్తి నిలబడి ఉంది. నేను బకెట్ దాని ముందుకి లాక్కుని కూర్చునే బిగించా. పొద్దుట్నుంచీ ఇదే పని."

"గట్టిగా బిగించావా?"

"నీకంటే గట్టిగానే."

వాళ్ళిద్దరి మధ్య ఒక పద్ధతి ఉంది. పెట్టింది డెల్మరే. బ్లేడ్లు ఒకరు బిగిస్తే, గొలుసు దించేముందు ఇంకొకరు టార్చి వేసి చూడాలి. కోతల రోజుల్లో ఎప్పుడైనా గ్లెన్నా బిగించినప్పుడు అతను వెల్లకిలా పడుకుని, ఒక్కో బ్లేడూ చేత్తో తిప్పి చూసి గానీ లేచేవాడు కాదు. ఆమె చెయ్యి మేకుకున్న టార్చి దాకా వెళ్ళింది. అతని ముఖం వైపు చూసింది. ఆపరేషన్ అయ్యాక అతను మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా చేసిన పని ఇదొక్కటే. ఇప్పుడు టార్చి పట్టుకుని కిందకి దూరితే ఎలా ఉంటుంది? చెయ్యి వెనక్కి తీసుకుంది. గొలుసు దించేసింది. అమ్మేద్దాం అన్న మాట కూడా ఆ పూటకి లోపలికే పోయింది.

ఈస్టర్ నాడు తెల్లవారుతూనే కొండ మీద సమాధుల మధ్య ప్రార్థన జరుగుతుంది. అందుకని ముందురోజు గ్లెన్నా మిషన్ని ట్రాలీ ఎక్కించుకుని పైకి వెళ్ళింది. ఆమెకంటే ముందే ఓపల్ వచ్చి కూర్చుంది. ఆ సమాధితోట బాగోగులు చూసేది ఎనభై దాటిన ఈ ముసలావిడే. మొగుడు హోబర్ట్ పక్కనే తన రాయి కూడా ఎప్పుడో నిలబెట్టించుకుంది. పేరుంది, పుట్టిన ఏడుంది, పోయే ఏడు చోటు ఖాళీ. ఆ రాయికి ఆనించి మడతకుర్చీ వేసుకుని కూర్చోవడం ఆవిడకి అలవాటు.

"నా రాయి మీద గడ్డి ఎగరేశావంటే ఊరుకోను" అంది ఓపల్.

"నువ్వు దాని ముందే కూర్చుంటే నీ మీదే పడుతుంది. లేచి అటు జరుగు."

ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. మంచి నిండు మోత. గ్లెన్నాకి కాస్త ప్రాణం లేచొచ్చింది. మొదటి వరస కంచె వెంట పైదాకా కోసుకెళ్ళి, మలుపు తిప్పి, వెనక్కి చూసింది. గడ్డి తెగలేదు. అంతా ఒకే వైపుకి వాలి పడుకుని ఉంది. డెక్కు ఇంకో మెట్టు దించి రెండో వరస పోనిచ్చింది. అదీ అంతే.

"అమ్మాయ్!" అని కేకేసింది ఓపల్. "గడ్డి కోస్తున్నావా, తల దువ్వుతున్నావా?"

గ్లెన్నా ఇంజిన్ ఆపింది. ఆపేసరికే అర్థమైపోయింది. ప్లగ్గు వైర్లు పీకి, జాకీ పెట్టి, దిమ్మలు తోసి, తడి నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి చూసింది. బ్లేడు చివర రెక్కలా పైకి లేచి ఉంటుంది, ఆ రెక్క డెక్కు వైపు ఉండాలి. గడ్డిని పైకి లేపేది అదే. ఇక్కడ మూడు రెక్కలూ నేల వైపు చూస్తున్నాయి. తిరగేసి బిగించాడు. పదును వెనక్కి పోయి, మొద్దు అంచు ముందుకొచ్చింది. కోయడం మానేసి బాదుతోంది.

పానా పెట్టి తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో గుంజింది. నీకంటే గట్టిగానే అన్నాడు, నిజమే చెప్పాడు. చివరికి పానా పిడికి ఇనప గొట్టం తొడిగి కాలితో తన్నితే గానీ ఊడలేదు. మొదటిది తీసేసరికి చేతుల్లో సత్తువ పోయింది. మెడ కింద తడి చల్లగా పాకుతోంది. అలాగే కళ్ళు మూసుకుని పడుకుంది. లేవాలనిపించలేదు. ఇవాళే కాదు, ఎప్పటికీ లేవకపోయినా బాగుండుననిపించింది.

ఓపల్ కర్ర మోత దగ్గరికొచ్చింది. "పోయావా ఏంటమ్మాయ్? ఇక్కడ కుదరదు. ఈ చోటు హోబర్ట్ తమ్ముడికి రాసిపెట్టింది."

"లేస్తున్నాలే."

"ఎవరు బిగించారు?"

గ్లెన్నా కళ్ళు తెరిచి, "డెల్మర్" అంది. "చెప్పను ఆయనకి. బాగా కోసిందని చెప్తా."

ఓపల్ హోబర్ట్ రాయి వైపు చూస్తూ, "ఆఖరి ఏడాదంతా నేనూ అదే చేశా" అంది. "కాఫీ ఒలకబోస్తే పర్లేదు హోబర్ట్, కోళ్ళ గూడు తెరిచి వదిలేస్తే పర్లేదు హోబర్ట్. ఒకరోజు అన్నాడు, 'ఓపల్, నువ్వు నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందే?' అని." తెగక పడుకున్న గడ్డిని కర్రతో ఒకసారి కెలికి, "సరే, పొద్దు పోతోంది. కానీ, కానీ" అంటూ కుర్చీ వైపు వెళ్ళిపోయింది.

బ్లేడ్లు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాక, ఉల్లికాడలు తెగి ఘాటు వాసన కొండంతా కమ్ముకుంది. ఆ వాసన వస్తే మిషన్ కోస్తున్నట్టు.

ఇంటికొచ్చేసరికి డెల్మర్ బీన్స్ పులుసు పొయ్యి మీద పెట్టి, మొక్కజొన్న రొట్టె వెచ్చబెట్టి ఉంచాడు. ఆమె చేతులు కడుక్కుని కూర్చునేదాకా ఆగలేకపోయాడు.

"ఎలా కోసింది?"

గ్లెన్నా రొట్టె తుంచి పులుసులో వేసింది. "తిరగేసి బిగించావు."

"ఏంటి?"

"బ్లేడ్లు. తిరగేసి బిగించావు, ముసలోడా. గడ్డికి తల దువ్వొచ్చా ఇవాళ."

"మూడూనా?"

"మూడూ. ఒక్కటన్నా సరిగ్గా ఉందేమోనని ఆశపడ్డా, లేదు."

డెల్మర్ నవ్వలేదు. చెంచా కింద పెట్టి వేళ్ళు చూసుకున్నాడు. "రెక్క ఎటుందో వేళ్ళకి తెలీలేదు" అన్నాడు చివరికి. "కంటికి కనిపించిందనుకున్నా. నువ్వు టార్చి వేసి చూళ్ళేదా?"

"చూళ్ళేదు."

"ఎందుకు చూళ్ళేదు?"

"నీ మొహం చూశా."

పులుసు చల్లారుతోంది. అతను గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత, "అమ్మెయ్ గ్లెన్నా" అన్నాడు. "కర్టిస్‌కి ఇచ్చెయ్."

ఆమె తలెత్తింది. "కర్టిస్ సంగతి నీకెలా తెలుసు?"

"వాడు ముందు నన్నే అడిగాడు. క్రిస్మస్ అప్పుడు."

"మరి ఇన్నాళ్ళూ నోరు విప్పలేదేం?"

"నువ్వంటావేమోనని చూస్తున్నా. నీకింకా చేయాలనుందేమో, నా వల్ల ఆగిపోవడం ఎందుకు అనుకున్నా."

"నాకా? చేయాలనా?" గ్లెన్నాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిటికీ ఓపిక చాల్లేదు. "చలికాలమంతా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగానయ్యా! అమ్మేద్దాం. అమ్మేద్దాం. చాలా?"

"చాలు."

"ఇప్పుడు కాదు కానీ. ఓపల్‌కి మాటిచ్చాం, చర్చీలకి మాటిచ్చాం. ఆకులు రాలాక వచ్చి తీసుకెళ్ళమని కర్టిస్‌కి చెప్తా."

"ఆకులు రాలేదాకా నువ్వు తట్టుకోవద్దూ?"

"తట్టుకుంటాలే. ఆఖరి ఏడాది అని తెలిస్తే తట్టుకుంటా." ఆమె చెంచా తీసి అతని చేతిలో పెట్టింది. "తిను. చల్లారిపోయింది."

మర్నాడు చీకటితోనే కొండెక్కారు. డెల్మర్ దారిలో రెండుసార్లు ఆగాల్సొచ్చింది. మంచులో జనం కోటు కాలర్లు పైకి లాక్కుని పాటలు పాడుతున్నారు. డెల్మర్ కళ్ళు మాత్రం కంచె పక్కనున్న మొదటి రెండు వరసల మీదే ఉన్నాయి. రెండోసారి కోసినా, అక్కడ గడ్డి ఇంకా కాస్త వంకరగానే నిలబడింది.

ఇంటికి రాగానే ఆదివారం బట్టలైనా మార్చకుండా కొట్టంలోకి వెళ్ళాడు. గ్లెన్నా వెళ్ళి చూస్తే బకెట్ మీద కూర్చుని, అదనంగా దాచి ఉంచిన ఇంకో మూడు బ్లేడ్లకి తెల్ల రంగు పూస్తున్నాడు. బ్రష్షు వేళ్ళ మధ్య నిలవడం లేదని గుప్పెట్లో పట్టుకున్నాడు. రంగు బ్లేడుకెంత అంటిందో కొత్త ప్యాంటుకీ అంతే అంటింది.

"తెల్లది నేల వైపు" అన్నాడు తలెత్తకుండా. "ఇక ఎవడు బిగించినా తెలుస్తుంది. కర్టిస్‌కీ చెప్పు, వాడికి చూపు బానే ఉన్నా బుర్ర లేదు."

"ఆ ప్యాంటు ఈస్టర్‌కని కొన్నాను."

"ఈస్టర్ అయిపోయిందిగా."

గ్లెన్నా తన నడుం పట్టుకుని నెమ్మదిగా అతని పక్కన కూలబడింది. రేపు బ్యాంకు ముందు కోయాలి, ఎల్లుండి కింది చర్చి. రంగు ఆరాక మేకుకున్న టార్చి అందుకుని వెలిగించి, "ఇటు తిప్పు, చూస్తా" అంది. డెల్మర్ బ్లేడు ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.