నోరు మూసుకున్న రాక్షసుడు

వడమాలపేటలో మా ఫ్యాన్సీ అంగడికి రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాక్షసుల కార్డాట వచ్చింది. పొట్లానికి ఐదు కార్డులు, సెట్టు మొత్తం అరవై. డిగ్రీ తప్పి గల్లా దగ్గర కూర్చున్న నాకు అది ఆడే వయసు కాదు. నేను పోగేసేవాణ్ణి. అరుదుగా వచ్చే మెరుపు కార్డున్న పొట్లం వెంట్రుకవాసి మందంగా ఉంటుందని బొటనవేలితో కనిపెట్టి, పిల్లలకు అమ్మకముందే ఏరుకునేవాణ్ణి. దాన్ని వ్యాపార జ్ఞానమనుకునేవాణ్ణి.

అలా చిక్కిందే నలభయ్యో నంబరు. మిగతా రాక్షసులు కోరలు చూపిస్తూ మంటలు కక్కుతుంటే, వీడొక్కడు బంగారు అంచు మధ్య, నల్లటి నీలంలో, నోరు మూసుకుని ఓరగా చూస్తుంటాడు. గీసినవాడెవరో గాని అంగళ్ల మధ్య పెరిగి ఉండాలి. అరిచే గిరాకీకి మేం భయపడం. పలక్కుండా సరుకు చూసేవాడికే భయపడతాం.

ఆ నెలలోనే నాయన నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అంగడి గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ కుళ్లిందని, దిష్టికి ఇంకేదైనా కావాలని అమ్మ నా కార్డుల పెట్టె వెతికింది. మైదా ఉడకబెట్టి నలభయ్యో నంబరును గుమ్మం పైన అతికించేసింది. నేను చూసేసరికి ఆరిపోయింది. తర్వాత నాయన కాలు అతుక్కుంది, ఎదురుగా పెట్టిన కొత్త అంగడి మూతపడింది. ఇక దాని మీద చెయ్యి వేయనిచ్చేవాళ్లు లేరు.

ఏడాదికి, కొండకు పోతూ సోడా కోసం కారాపిన ఒక మద్రాసాయన దువ్వెన బేరమాడుతూ గుమ్మం పైకి చూశాడు. మళ్లీ దువ్వెన చూశాడు. మా బాపతు మనిషే. దువ్వెన సంగతి వదిలి పైదాని సంగతి చెప్పమన్నాను. నవ్వాడు. ఆ సెట్టు అచ్చు ఆగిపోయిందట, తన దగ్గర అదొక్కటే లేదట. మరకైనా పర్లేదు, చిరగకూడదన్నాడు. గంట బేరమాడి, బదులుగా ఆయన దగ్గరున్న పాత సెట్టొకటి మొత్తానికి మొత్తం ఇచ్చేలా ఒప్పించాను. మర్నాడు కొండ దిగి వస్తానన్నాడు.

నాయన అడ్డు చెప్పలేదు.

"తీస్తే తీయి అబ్బయా. ఇన్నాళ్లూ వాడు బయటోళ్లని సూస్తా ఉండినాడు. తీసినాక యాడ సూస్తాడో, అది గూడా బేరం చేసినావా?"

నాయన పడిన నిచ్చెనే వేసి, తడిగుడ్డతో నానబెట్టి, గోటితో మూల లేపాను. అంచు వచ్చింది. కొమ్ములు వచ్చాయి. ముఖం దగ్గర అట్ట చిరిగింది. నా చేతిలో బంగారు అంచు, కొమ్ములు, నడుమ బొక్క. ముఖం గుమ్మానికే ఉండిపోయింది. తడికి ముడుచుకుని, ఇన్నాళ్లూ రోడ్డు మీదున్న చూపు నాయన కుర్చీ వైపు తిరిగింది.

తెల్లారి మద్రాసాయనే మా బోణీ. నా చేతిలోది చూశాడు, గుమ్మం చూశాడు. నిన్నటి దువ్వెన తీసుకుని, నేను మొదట చెప్పిన ధరే ఇచ్చి కారెక్కాడు.

"బేరమాడకుండా పోయినాడే," అన్నాడు నాయన, గొంతు తగ్గించి. కుంటుకుంటూ లేచి కుర్చీని గుమ్మానికి అవతలి పక్కకు లాక్కున్నాడు. ఇవన్నీ నమ్మనివాణ్ణి, నేను నవ్వాను.

మధ్యాహ్నం ఎండకు ఆ ముఖం ఇంకొంచెం ముడుచుకుంది. నా కుర్చీ కూడా జరిపాను.