డోలు ఆగిన కాసేపు

మొన్న ఆదివారం మా మనవరాలు తనకిష్టమైన బ్యాండు ప్రోగ్రాం చూసొచ్చి, కాళ్ళు పీకేస్తున్నాయంటూ సోఫాలో కూలబడింది. అదే బ్యాండుని చూడటం నాలుగోసారిట. "పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదే, అంత దూరం వెళ్ళి గంటలకొద్దీ నిలబడటం ఎందుకూ?" అంటే, "ఎదురుగా చూడటం వేరు నాయనమ్మా" అంది, కళ్ళు మూసుకునే. మా అత్తగారు గుర్తొచ్చారు.

డెబ్భైల చివర్లో నేను కాపురానికొచ్చిన ఇల్లు పాలకొల్లులో. ముందు కిరాణా కొట్టు, వెనక మేము పదకొండు మందిమి. అత్తగారూ నేనూ తెల్లారకముందే పొయ్యి దగ్గర కూర్చుంటే, ఆఖరి కంచం కడిగేసరికి నడుములు మావి కావు. రోట్లో పచ్చడి నూరుతూ కునికిపాట్లు పడ్డ రోజులున్నాయి. పోనీ ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళమా అంటే, అదీ లేదు. ఆవిడ మితభాషి. నేను పలకరిస్తే సగంసార్లు జవాబుండేది కాదు. పెద్దింటి అతిశయం కాబోలు అనుకుని, నేనూ మాటలు తగ్గించేశాను.

అలాంటి మనిషికి ఒకే ఒక్క పిచ్చి, ఓ మేళం. మా పక్క ఊరి సన్నాయి విద్వాంసుడి కొడుకు తండ్రి వాయిద్యం వదిలేసి క్లారినెట్ పట్టాడు. చర్చిలో హార్మోనియం వాయించే ఆయన్నీ, బుర్రకథలో గుమ్మెట కొట్టే ఆయన్నీ, డోలు కళాకారుణ్ణీ, ఎక్కడో కరెంటు గిటారు నేర్చుకొచ్చిన కుర్రాణ్ణీ పోగేశాడు. కీర్తనతో మొదలుపెడితే అది ఎప్పుడు పడవ పాటలోకి జారిందో, ఎప్పుడు పాశ్చాత్య బాణీలోకి దూకిందో తెలిసేది కాదు. పెద్దలు 'కలగూర మేళం' అని వెక్కిరించేవారు. వెక్కిరించినవాళ్ళే ముందు వరసలో కూర్చునేవారు.

ఓ మధ్యాహ్నం అత్తగారు అన్నం వార్చి, "పెనుగొండ గుళ్ళో మేళం ఉందిట. వస్తావా అమ్మాయ్?" అన్నారు. నేను వెళ్ళింది పాట కోసం కాదు, బస్సులోనైనా కాసేపు కూర్చోవచ్చని. ఆపైన ఎక్కడ మేళం ఉంటే అక్కడికి, ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్ళేవాళ్ళం. ఇంట్లో గుడికని చెప్పేవాళ్ళం. అది అబద్ధమూ కాదు. అసలు సంగతి తెలిసిన మావారు మా అవస్థ చూసి, ఆ మేళం పాటలు రికార్డు చేయించిన క్యాసెట్ తెచ్చారు. అత్తగారు రెండు నిమిషాలు కూర్చుని, "ఎదురుగా చూడాలిరా, ఇది వాళ్ళు కాదు" అని లేచిపోయారు. మావారి మొహం చిన్నబోయింది.

నా మనసులో అంతకంటే పెద్ద గాయం ఒకటుంది. పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నూతి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. పది అడుగుల దూరంలో వంటింట్లో ఉన్నారు అత్తగారు. "అత్తయ్యగారండీ" అని మూడుసార్లు పిలిచాను. రాలేదు. పక్కింటావిడ గోడ దూకినంత పని చేసి వచ్చి లేపింది. ఆ కోపం ఆరేళ్ళు మోశాను. మేళానికి పక్కపక్కనే కూర్చున్నప్పుడు కూడా.

ఆరో ఏడు శివరాత్రి తీర్థానికి పట్టిసీమ వెళ్ళాం. ఇసకలో నడిచి నడిచి, ఎండకి నీరసపడి పందిట్లో కూలబడ్డాం. మేళం మంచి ఊపులో ఉండగా డోలు, గుమ్మెట ఒక్కసారి ఆగి, క్లారినెట్ ఒక్కటే సన్నగా పైకి వెళ్ళింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. మా ముందు ఎవరో తలపాగా ఆయన అడ్డంగా లేచి నిలబడ్డాడు. అత్తగారు నా వైపు తిరిగి, "ఆపేశారేంటి?" అన్నారు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "లేదండీ, వాయిస్తున్నారు" అన్నాను. ఆవిడ నా పెదాల వంకే చూశారు. తలవంచుకుని, "చాలా ఏళ్ళయింది అమ్మాయ్. డోలు ఇక్కడ తెలుస్తుంది" అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "పాటంటావా, ఆయన బుగ్గలూ వేళ్ళూ చూసి పోల్చుకుంటాను. ఇంట్లో చెప్పకు. చెవులు వినపడవని తెలిస్తే నన్నింక గడప దాటనివ్వరు."

నేను ఆవిడ మణికట్టు పట్టుకుని, క్లారినెట్ ఎలా వెళుతోందో అలా వేలితో తట్టాను. చాతకాక తట్టానేమో, అయినా ఆవిడ కళ్ళు మూసుకుని తలూపారు.

తిరిగొచ్చేటప్పుడు లాంచీలో, పెదాలు కదిపి కదిపి, నూతి దగ్గర పిలిచిన సంగతి చెప్పాను. "పిలిచావా? విని రాలేదనుకున్నావా, ఇన్నాళ్ళూ?" అన్నారు. నేను తలెత్తలేకపోయాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

రహస్యం దాచాను. ఇంకో మూడేళ్ళు మేళాలకి తిరిగాం. ఈసారి ముందు వరసలో కూర్చునేవాళ్ళం. తరవాత క్లారినెట్ ఆయనకి ఆయాసం పట్టుకుంది, మేళంలో ఎవరి దారి వారిదైపోయింది. అత్తగారు మంచాన పడ్డాక చెవుల సంగతి అందరికీ తెలిసింది గానీ, అప్పటికి ఆవిడకి వెళ్ళాల్సిన చోటూ లేదు. ఆరేళ్ళ కోపం కరిగిపోవడానికి గోదావరి దాటేంతసేపు కూడా పట్టలేదు. ఆ ఆరేళ్ళు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.